‘మాకు సంబంధం లేదు’ అని మెడికల్ బోర్డు రాసేస్తే?

ప్రశ్న: మావారు ఆర్మీలో నాయక్‌గా చేశారు. తలనొప్పి అని ఎంఐ రూమ్‌కి (యూనిట్‌లో డాక్టరు చూసే గది) వెళ్లిన ప్రతిసారీ మాత్రలిచ్చి డ్యూటీకి పంపేశారు. ఆర్నెల్లకి ఫిట్స్ మొదలయ్యాయి, అప్పుడు గానీ స్కానింగ్ చేయించలేదు. 2022లో ‘లో మెడికల్ కేటగిరీ’ (ఆరోగ్యం తగ్గినవాళ్ల వర్గం) చేసి ఇంటికి పంపేశారు. జబ్బుకీ సర్వీసుకీ సంబంధం లేదని మెడికల్ బోర్డు (మిలిటరీ డాక్టర్ల బృందం) రాసేసింది, డిజేబిలిటీ (వైకల్య) పెన్షన్ ఇవ్వలేదు. ఇప్పుడు అడిగితే ఏమైనా లాభముందా? ‘ఫౌజీలు కేసులేంటి’ అని మా మామగారు కోప్పడుతున్నారు.
– ఒక సోదరి, గిద్దలూరు

జవాబు: అడగాల్సిందేనమ్మా. మామగారి కోపం సంగతి తర్వాత. ఆయన కాలంలో సాహెబ్ (ఆఫీసరు) మాటకి ఎదురు లేదు కాబట్టి అలా అంటున్నారు, అంతే.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు గొడవలున్నాయి. ఒకటి పెన్షన్, రెండోది వైద్యంలో నిర్లక్ష్యం. చాలామంది రెండూ కలిపేసి ఒకే అర్జీ పెట్టి ఎటూ కాకుండా పోతారు. ముందు పెన్షన్ పట్టుకోండి, మీ చేతిలో బలం అక్కడే ఉంది.

2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పిచ్చింది. అదీ ఫిట్స్ కేసే. 1985లో చేరిన జవాను, తొమ్మిదేళ్లు చేశాక 20 శాతం వైకల్యంతో బయటికి పంపారు, సర్వీసుకి సంబంధం లేదన్నారు. కోర్టు ఏమందంటే, భర్తీ అయ్యేటప్పుడు మెడికల్‌లో ఏ జబ్బూ లేదని మీరే రాసుకున్నారు, తర్వాత వస్తే అది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలి, కాదంటారా, ఎందుకు కాదో కారణం మీరే రాయాలి. జవాను నిరూపించుకోనక్కర్లేదు. మీవారి బోర్డు కాగితాల్లో కారణాల గడిలో ఏముందో చూడండి. ఒక్క ముక్క రాసి వదిలేస్తే మీ లాయరుకి సగం పని తగ్గినట్టే. (2023 సెప్టెంబరులో కొత్త రూల్స్ వచ్చాయి, కానీ మీవారు అంతకుముందే బయటికొచ్చారు కదా, అవి మీకు వర్తించవు.) ముందు రికార్డ్ ఆఫీసుకి (జవాన్ల సర్వీసు కాగితాలు ఉండే ఆఫీసు) అప్పీలు పెట్టాలి, అది తిరగ్గొడితే రెండో అప్పీలు, అక్కడా కాకపోతే సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మొదటి అప్పీలుకి ఆర్నెల్ల గడువు దాటిపోయింది నిజమే. కానీ పెన్షన్ నెలనెలా రావాల్సిన డబ్బు కాబట్టి, ఆలస్యమైందన్న ఒక్క కారణంతో ట్రిబ్యునల్ మామూలుగా తోసిపుచ్చదు. కాకపోతే పాత బకాయిలు సాధారణంగా మూడేళ్లవే వస్తాయి, అందుకే ఇంకా నానబెట్టొద్దు.

ఇక నిర్లక్ష్యం సంగతి. ఇది కష్టమైన దారి, మీకు ఆశలు పెట్టను. అయినా దారి లేకపోలేదు. పార్లమెంటు దాడి తర్వాత 2002లో సరిహద్దులో సైన్యాన్ని మోహరించినప్పుడు, ఒక ఎయిర్‌ఫోర్స్ కార్పొరల్‌కి జమ్మూ దగ్గర సాంబాలోని మిలిటరీ హాస్పిటల్లో ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. 2014లో హెచ్‌ఐవీ అని తేలింది. ఆ రక్తం వల్లే అని మెడికల్ బోర్డే రాసింది, అయినా తన రికార్డుల కోసం అతను ఎన్ని తలుపులు తట్టాలో అన్నీ తట్టాడు. జాతీయ వినియోగదారుల కమిషన్ నిపుణుల అభిప్రాయం లేదని కొట్టేసింది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మాత్రం తప్పు కళ్లకి కనిపిస్తోంది, వేరే నిపుణుడెందుకు అని ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ కలిసి సుమారు కోటీ 54 లక్షలు కట్టమంది. అమెరికాలో అయితే 1950 నాటి తీర్పొకటి అడ్డుపడి, ఆర్మీ డాక్టరు మీద జవాను కోర్టుకే వెళ్లలేడు. 2019 చివర్లో చట్టం మార్చినా రక్షణ శాఖకే అర్జీ పెట్టుకోవాలి. ఆ లెక్కన మనమే నయం.

మీవారి కేసులో తలనొప్పికి ముందే స్కాన్ చేస్తే ఫిట్స్ ఆగేవని ఒక న్యూరాలజిస్టు రాసిస్తేనే ఇది నిలబడుతుంది. పైగా వినియోగదారుల కేసుకి రెండేళ్ల గడువు, ఆలస్యానికి గట్టి కారణం చూపాలి.

రేపే చేయాల్సిన పని ఒకటుంది. భర్తీ నాటి మెడికల్ రిపోర్టు, ఎంఐ రూమ్ ఎంట్రీలు, హాస్పిటల్ కేస్ షీటు, మెడికల్ బోర్డు పూర్తి కాగితాలు కావాలని మీవారి పేరుతోనే ఆర్‌టీఐ పెట్టించండి. పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు. కేసు వేస్తామని అందులో రాయొద్దు.

ప్రశ్న: నాన్నగారు రిటైర్డ్ హవల్దార్. గుండెనొప్పి వస్తే దగ్గర్లో ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) లిస్టులో లేని ప్రైవేటు హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. బిల్లు వస్తుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఎమర్జెన్సీ అయితే వస్తుంది, కానీ మీరు కట్టినంతా రాదు, సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) రేట్ల ప్రకారమే ఇస్తారు. చేర్పించిన 48 గంటల్లోపు దగ్గరి ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి కబురు చేయాలి. ఫోన్‌లో చెప్పామంటే రేపు ఎవరూ ఒప్పుకోరు, మెయిల్ పెట్టి కాపీ దాచుకోండి. డిశ్చార్జి సమ్మరీలో ‘ఎమర్జెన్సీలో చేర్చుకున్నాం’ అన్న మాట లేకపోతే హాస్పిటల్ గడప దాటకుండానే రాయించుకోండి.