దివాన్ మీద నుంచి చూసేవారికి ఏ టీవీ?

ప్రశ్న: మాది చెన్నై వేళచ్చేరిలో రెండు పడకగదుల ఫ్లాటు. హాలులో టీవీకి ఎదురుగా పదడుగుల దూరంలో సోఫా ఉంది. ఎడమ గోడ వెంట దివాన్ ఉంది. అది టీవీ గోడకు సుమారు ఆరడుగుల దూరంలో, టీవీ మధ్యభాగం నుంచి అయిదడుగులు పక్కకు ఉంటుంది. మా అత్తగారు పగలంతా దాని మీదే కూర్చుని తెలుగు సీరియళ్ళు, వార్తలు చూస్తారు. రాత్రి పిల్లలు పడుకున్నాక నేనూ మావారూ లైట్లు ఆర్పి సినిమాలు చూస్తాం. 60 వేల రూపాయలకు అటూ ఇటూగా ఉన్న 55 అంగుళాల టీవీలు రెండు చూసి, వివరాలు దీనితో పంపుతున్నాను. ఒకటి లోకల్ డిమ్మింగ్ ఉన్న 60 హెర్ట్జ్ క్యూఎల్‌ఈడీ. రెండోది 120 హెర్ట్జ్ ఐపీఎస్ టీవీ, అందులో లోకల్ డిమ్మింగ్ లేదు. షోరూమ్‌లో మొదటిదే మెరిసిపోతూ కనిపించింది. ఏది తీసుకోమంటారు?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: టీవీ గురించి అడిగేవారు పెట్టె మీది అంకెలన్నీ రాస్తారు గాని, ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో రాయరు. మీరు దివాన్ కొలతలతో సహా రాశారు కాబట్టి జవాబు చెప్పడం సులువైంది. మీ ఇంటికి రెండో టీవీయే తగినది. మోడల్ పేర్లు మాత్రం ఇక్కడ వేయడం లేదు, ఎందుకంటే ఒకే పేరుతో అమ్మే టీవీలో 43 అంగుళాలదానికి ఒక రకం ప్యానెల్ (అంటే తెర పలక), 55 అంగుళాలదానికి మరో రకం ప్యానెల్ ఉండడం ఈ వ్యాపారంలో మామూలే. పేరు చూసి వేరే సైజు కొన్న పాఠకులు తర్వాత మమ్మల్ని నిందించవలసి వస్తుంది.

మీరు పంపిన వివరాలను బట్టి మొదటి టీవీలో ఉన్నది వీఏ ప్యానెల్. వీఏ, ఐపీఎస్ రెండూ ఎల్‌సీడీ తెరల్లో రకాలే. ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. వెనుక ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతూ ఉంటే, ముందున్న ద్రవ స్ఫటికాలు ఆ వెలుతురును ఒక్కొక్క చుక్క దగ్గర ఆపుతూ, వదులుతూ బొమ్మను తయారుచేస్తాయి. వీఏ ప్యానెల్‌లో ఈ స్ఫటికాలు విద్యుత్తు అందనప్పుడు తెరకు నిటారుగా నిలబడి వెలుతురును గట్టిగా ఆపుతాయి కాబట్టి నలుపు నలుపుగానే కనిపిస్తుంది. అందులో తెలుపుకు, నలుపుకు మధ్య తేడా సాధారణంగా 3,000 రెట్లు, ఆపైన ఉంటుంది. ఐపీఎస్‌లో స్ఫటికాలు తెరకు సమాంతరంగా పడుకుని తిరుగుతాయి. అందువల్ల కొంత వెలుతురు కారిపోయి ఆ తేడా 1,000 రెట్లకు కాస్త అటూ ఇటూగా ఆగిపోతుంది గాని, ఎదురుగా చూసినా పక్క నుంచి చూసినా రంగులు దాదాపు ఒకేలా ఉంటాయి. వీఏలో పక్కకు జరిగేకొద్దీ రంగులు పాలిపోతాయి, ముఖాలు సున్నం రాసినట్టు అవుతాయి, వెలుతురు కూడా తగ్గుతుంది.

మీరిచ్చిన కొలతల ప్రకారం లెక్క వేస్తే, మీ అత్తగారు తెర మధ్యభాగాన్ని సుమారు 40 డిగ్రీల కోణం నుంచి చూస్తున్నారు. వీఏ తెర పాలిపోవడం అంతకంటే ముందే మొదలవుతుంది. షోరూమ్‌లో మిమ్మల్ని ఆకట్టుకున్న ఆ మెరుపు ఎదురుగా నిలబడినవారికే దక్కుతుంది. పగలంతా టీవీ చూసే మనిషికి పాలిపోయిన బొమ్మను అప్పగించి, రాత్రి రెండు గంటలు చూసేవారి కోసం టీవీ కొనడం నాకు సబబుగా తోచలేదు. గోడ నుంచి ముందుకు లాగి తిప్పుకునే స్టాండు బిగిస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. అది దివాన్ వైపు తిరిగినప్పుడు సోఫా పక్కదవుతుంది. పైగా 55 అంగుళాల తెరను రోజూ అటూ ఇటూ తిప్పే ఓపిక కొద్ది వారాల్లోనే తీరిపోతుంది.

ఇక రాత్రి సంగతి. లైట్లు ఆర్పిన గదిలో ఐపీఎస్ తెర మీది నలుపు బూడిదరంగుగా కనిపిస్తుందన్నది నిజం, ఈ విషయంలో మొదటి టీవీ ముందు రెండోది నిలవదు. పగటిపూట ఈ లోపం బయటపడదు, ఎందుకంటే బాల్కనీ నుంచి వచ్చే వెలుతురు తెర మీద పడి ఏ ప్యానెల్ నలుపునైనా కొంత బూడిదగానే చూపిస్తుంది. రాత్రికి చవకైన ఉపాయం ఒకటి ఉంది. టీవీ వెనుక, గోడ మీద పడేటట్టు, సన్నని తెల్లటి ఎల్‌ఈడీ పట్టీ ఒకటి అతికించండి. గోడ మీది ఆ మెత్తని వెలుతురు వల్ల కంటిపాప పూర్తిగా విచ్చుకోదు; పక్కనే వెలుతురు ఉన్నందున తెర మీది బూడిదరంగు కంటికి నల్లగా తోస్తుంది. రంగులు మారే పట్టీలు వద్దు, అవి సినిమా రంగులనే తప్పుగా చూపిస్తాయి.

మొదటి టీవీలోని లోకల్ డిమ్మింగ్ కూడా మీరు అనుకున్నంత గొప్పది కాకపోవచ్చు. వెనుక దీపాలను కొన్ని భాగాలుగా విడగొట్టి, చీకటిగా ఉన్నచోట మసకబార్చడమే ఆ పద్ధతి. ఈ ధరలో ఆ భాగాలు కొద్ది సంఖ్యలోనే ఉంటాయి. అందుచేత నల్లటి దృశ్యం మీద తెల్లటి సబ్‌టైటిల్ రాగానే ఆ అక్షరాల చుట్టూ పొగలాంటి కాంతి అలుముకుంటుంది. చెన్నైలో ఉంటూ తమిళ, మలయాళ చిత్రాలను సబ్‌టైటిళ్ళతో చూసే అలవాటు మీకుంటే అది తరచుగానే కంటబడుతుంది. క్యూఎల్‌ఈడీ అన్న మాటకు నలుపుతో సంబంధమే లేదు. నీలి దీపాల ముందు ఉంచిన క్వాంటం డాట్ల పొర ఆ నీలి కాంతిలో కొంత భాగాన్ని స్వచ్ఛమైన ఎరుపుగా, ఆకుపచ్చగా మారుస్తుంది, దానివల్ల రంగులు ఎక్కువ పలుకుతాయి, అంతే. ఆ డాట్లను కనుగొని అభివృద్ధి చేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. బహుమతికి తగిన పనే గాని, దివాన్ మీద కూర్చున్నవారికి దానివల్ల ఒరిగేది తక్కువ.

మీ ఇంట్లో బొమ్మ నాణ్యతను టీవీ కన్నా ఎక్కువగా నిర్ణయించేది సెట్‌టాప్ బాక్సు. 4కే తెర మీద 3,840 అడ్డం, 2,160 నిలువు, మొత్తం సుమారు 83 లక్షల చుక్కలు ఉంటాయి. హెచ్‌డీ ఛానెల్ పంపే బొమ్మ 1,920కి 1,080, అంటే సరిగ్గా నాలుగో వంతు. మామూలు ఎస్‌డీ ఛానెల్ మహా అయితే 720కి 576, అంటే సరిగ్గా ఇరవయ్యో వంతు. మిగిలిన పందొమ్మిది వంతులనూ టీవీ చుట్టుపక్కల చుక్కలను బట్టి ఊహించి నింపవలసిందే. ఎంత ఖరీదైన టీవీ అయినా ఇంత ఊహను నిజంలా చూపలేదు. కాబట్టి టీవీ కొనేముందు మీ అత్తగారు చూసే తెలుగు ఛానెళ్ళు ప్యాకేజీలో హెచ్‌డీ రూపంలో వస్తున్నాయో లేదో చూసి, రాకపోతే మార్పించుకోండి. చెన్నైలో చాలా ప్యాకేజీలు తమిళ ఛానెళ్ళ చుట్టూ అల్లినవి కాబట్టి ఇది అడిగితేనే జరుగుతుంది. హెచ్‌డీ వస్తే పదడుగుల దూరానికి అది చాలు: అక్కడి నుంచి మామూలు కన్ను విడదీసి చూడగలిగే కనీస పరిమాణం సుమారు 0.9 మిల్లీమీటర్లు, 55 అంగుళాల తెర మీద హెచ్‌డీ బొమ్మలోని ఒక్కో చుక్క వెడల్పు అంతకన్నా తక్కువ, సుమారు 0.63 మిల్లీమీటర్లు.

రెండో టీవీకి ఉన్న 120 హెర్ట్జ్, అంటే తెర సెకనుకు 120 సార్లు బొమ్మను మార్చగలగడం, సినిమాకు నిజంగానే పనికొస్తుంది. సినిమా సెకనుకు 24 చిత్రాలతో నడుస్తుంది. 60ని 24తో భాగిస్తే శేషం మిగులుతుంది కాబట్టి 60 హెర్ట్జ్ తెర ఒక చిత్రాన్ని మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు చూపిస్తూ పోతుంది, కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే దృశ్యాల్లో చిన్న కుదుపు కనిపిస్తుంది. 120లో ప్రతి చిత్రమూ సమానంగా అయిదుసార్లు వస్తుంది. మన దేశపు ప్రసారాలు మాత్రం సెకనుకు 25 చిత్రాలు, అంటే 50 అరచిత్రాల (ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు) లెక్కలో వస్తాయి. సెట్‌టాప్ బాక్సు సెట్టింగ్స్‌లో 1080ఐ, 50 హెర్ట్జ్ ఉన్నదా అని ఒకసారి చూసుకోండి.

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను మరింత విస్తారంగా చూపే పద్ధతి) ముద్రల గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. హెచ్‌డీఆర్ చిత్రాలను సాధారణంగా 1,000 నిట్ల (నిట్ అంటే తెర వెలుతురుకు కొలమానం) వెలుతురును దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. ఈ ధరలోని చాలా టీవీలు దానిలో సగాన్ని చేరడమే కష్టం.

షోరూమ్‌కు మళ్ళీ వెళ్ళినప్పుడు వీలైతే అత్తగారిని కూడా తీసుకువెళ్ళండి. రెండు టీవీలనూ, షోరూమ్ కోసం మెరుపు పెంచి చూపే అంగడి మోడ్ నుంచి తీయించి స్టాండర్డ్ మోడ్‌లో పెట్టించి, పెన్‌డ్రైవులో మీరు తీసుకువెళ్ళిన సీరియల్ ముక్కను ఆడించి, ఆరడుగులు వెనక్కి, అయిదడుగులు పక్కకు కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టండి. బిల్లు దగ్గర ఒక్క మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు పైబడిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పది శాతం తగ్గింది కాబట్టి పాత ధర మీద పది శాతం తగ్గాలని వాదించకండి. 128 రూపాయలు 118 అయింది, అంటే తగ్గింపు ఎనిమిది శాతం కన్నా కాస్త తక్కువే.

ప్రశ్న: కొత్త టీవీ కొన్నప్పటి నుంచి సినిమాలు కూడా సీరియల్ తీసినట్టు కనిపిస్తున్నాయి. టీవీ చెడిపోయిందా?
- మరో పాఠకుడు, కోడంబాక్కం

జవాబు: చెడిపోలేదు. రెండు చిత్రాల మధ్య లేని చిత్రాన్ని టీవీ తానే కల్పించి చేరుస్తున్నది. దీనిని సోనీలో మోషన్‌ఫ్లో అనీ, ఎల్‌జీలో ట్రూమోషన్ అనీ, శామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ అనీ అంటారు. పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆపేయండి. 2019లో టీవీ కంపెనీల, సినిమా స్టూడియోల కూటమి అయిన యూహెచ్‌డీ అలయన్స్ ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ మీ టీవీలో ఉంటే అది ఎంచుకున్నా ఇవన్నీ ఒకేసారి ఆగిపోతాయి. క్రికెట్ చూసేటప్పుడు మాత్రం కొద్దిగా ఉంచుకోవచ్చు, బంతి వెంట గీత కాస్త తగ్గుతుంది. ఈ సెట్టింగు ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకూ, ఒక్కో యాప్‌కూ విడివిడిగా ఉండవచ్చు కాబట్టి, సెట్‌టాప్ బాక్సుకు మార్చాక సినిమా యాప్‌లోనూ మరోసారి చూసుకోండి.