పేరున్న కళాశాలకు పెట్టే ఖర్చు గిట్టుబాటవుతుందా? బంగారుపాళ్యం రైతుకు నా జవాబు

మీ ప్రశ్నలోని వివరాలు ఇవి. మీకు బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట ఉంది. అమ్మాయికి పొరుగు రాష్ట్రంలో పేరున్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు, మెస్సు అన్నీ కలిపి ఏడాదికి ఐదున్నర లక్షలు అవుతుంది. ఈఏపీసెట్ ర్యాంకుతో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) సీటు కూడా వచ్చేలా ఉంది. పది లక్షలు బ్యాంకు అప్పు తెచ్చి, మిగిలిన పన్నెండు లక్షలకు ఒక ఎకరా తోట అమ్మాలని మీ ఆలోచన. ఆ పేరుకు అంత ఖర్చు పెట్టవచ్చా అని అడిగారు.

నేను తిరుపతిలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో చాలా కాలం రుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నా పిల్లల్లో పెద్దమ్మాయి ఎస్వీయూలోనే ఇంజనీరింగ్ చదివింది. చిన్నవాడు మీరు చెబుతున్నటువంటి ఖరీదైన విశ్వవిద్యాలయంలో చదివాడు. కాబట్టి ఈ విషయాన్ని తండ్రిగానూ చూశాను, విద్యా రుణాల ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన అధికారిగానూ చూశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: తోట అమ్మి ఆ సీటు తీసుకోవద్దు. పేరున్న కళాశాలలన్నీ దండగ అని మాత్రం దీనికి అర్థం తీయకండి.

కళాశాలకు పేరు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలి. ఉద్యోగాలిచ్చే కంపెనీలు దేశంలోని ప్రతి కళాశాలకూ వెళ్లలేవు కనుక, కఠినమైన ప్రవేశ పరీక్షతో ముందే జల్లెడ పట్టిన విద్యార్థులు ఎక్కడ ఉంటారో అక్కడికి వెళతాయి. అంటే ఆ పేరులో ఎక్కువ భాగం లోపల చెప్పే పాఠాల కంటే గేటు దగ్గర జరిగే ఎంపిక వల్ల వచ్చినదే. ఏర్పేడు దగ్గరున్న మన తిరుపతి ఐఐటీనే తీసుకోండి. ఐఐటీలలో బీటెక్ ట్యూషన్ ఫీజు 2016లో ఏడాదికి 2 లక్షలకు పెరిగింది. అయినా ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉన్నవారికీ పూర్తి మాఫీయే. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. పేరు నిజంగా గట్టిగా ఉన్న చోట, బీద కుటుంబాలకు ఖర్చు అనే ప్రశ్న చాలావరకు ముందే తీరిపోతోందన్నమాట. మనచేత తోటలు అమ్మించే సీట్లు వేరే రకానివి.

ఆ తేడా మన చిత్తూరు జిల్లా వాళ్లకు వేలూరులోని ప్రైవేటు విశ్వవిద్యాలయం వీఐటీ ద్వారా బాగా తెలుసు. అక్కడ ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి ఫీజును ఐదు కేటగిరీలుగా పెట్టారు. మొదటి కేటగిరీకీ ఐదో కేటగిరీకీ మధ్య రెండింతలకు మించి తేడా ఉంటుంది. తరగతి గది అదే, పట్టా మీద పేరూ అదే. మొదటి కేటగిరీలో సీటు దొరికిన కుటుంబానికి అది మంచి బేరమని నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఐదో కేటగిరీ తండ్రి కడుతున్న అదనపు సొమ్ము మాత్రం ర్యాంకు లేని లోటును పూడ్చడానికే పోతోంది. మీ అమ్మాయి సీటు వేరే విశ్వవిద్యాలయంలోనిదే కావచ్చు గానీ, ఐదున్నర లక్షలన్న అంకెను బట్టి చూస్తే అది ఈ రెండో రకం సీటే అనిపిస్తోంది.

పేరు వల్ల జీతం ఎంత పెరుగుతుందన్న దానిపై అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రచురించారు. పెద్ద కళాశాలల్లో సీటు వచ్చి కూడా అంతకంటే తక్కువ పేరున్న చోట చేరినవారిని, పెద్ద కళాశాలల్లోనే చేరినవారిని పోల్చి చూస్తే, తర్వాతి సంపాదనలో సగటున చెప్పుకోదగ్గ తేడా వారికి కనబడలేదు. తెలివి, పట్టుదల ఉన్న విద్యార్థి ఎక్కడ చదివినా దాదాపు అదే స్థాయికి చేరుకున్నాడన్నమాట. అయితే పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పెద్ద కళాశాల వల్ల లాభం కనిపించింది. ఇంట్లో దారి చూపేవారు లేని పిల్లలకు ఆ పరిచయాలు, ఆ వాతావరణం పనికొస్తాయని దాన్ని అర్థం చేసుకోవచ్చు. అక్కడి లెక్కలు ఇక్కడ యథాతథంగా వర్తించవు. కానీ మీ ఇంట్లో ఇంజనీరింగ్ చదువుతున్న మొదటి వ్యక్తి మీ అమ్మాయే అయితే, ఈ మినహాయింపు మీకు అనుకూలమైన వాదనే, దాన్ని నేను దాచిపెట్టను.

ఇక అప్పు లెక్క. నా బ్యాంకు అనుభవమంతా చెప్పేది ఒక్కటే: తల్లిదండ్రులు తెచ్చే మొత్తాన్ని చూస్తారు గానీ తీర్చే మొత్తాన్ని చూడరు. పది లక్షలను ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున నాలుగు విడతల్లో తీసుకున్నారనుకుందాం, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర లేదు. కానీ ఆ ఐదేళ్లూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది, బారువడ్డీ వేసినా అది మూడున్నర లక్షలవుతుంది. అంటే తీర్చడం మొదలుపెట్టే నాటికి అప్పు పదమూడున్నర లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 17,800 రూపాయలు కట్టాలి, మొత్తం ఇరవై ఒక్క లక్షలు దాటుతుంది. సాఫ్ట్‌వేర్ సర్వీసు కంపెనీలు కొత్తగా చేరేవారికి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూ ఇవ్వడం ఎన్నో ఏళ్లుగా సాగుతున్న సంగతి. అమ్మాయికి అలాంటి ఉద్యోగమే వస్తే బెంగళూరులో అద్దె, భోజనం పోగా ఆ వాయిదాకు మిగిలేదేమీ ఉండదు, అప్పుడు వాయిదా మీ మీద పడుతుంది. బ్యాంకు నెలనెలా అడుగుతుంది, తోతాపురి ఏడాదికి ఒక్కసారే కాస్తుంది, దాని ధర మీ చేతిలో ఉండదు. పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుసలో నిలబడ్డ రైతుకు ఇది నేను చెప్పాల్సిన విషయం కాదు. పైగా ఇదంతా పది లక్షలకే. అమ్మిన ఎకరా ఇందులో లేదు.

ఆ ఎకరా విషయంలో ఒక మాట. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మీ మండలం మీదుగా వస్తున్నందున ఇప్పుడు మంచి ధర పలుకుతోందని బంధువులు తొందరపెట్టవచ్చు. ధర ఉన్నప్పుడు అమ్మడం వేరు, అవసరమై అమ్మడం వేరు. ఫీజు గడువు తరుముతుంటే అమ్మిన భూమికి సరైన ధర వచ్చిన సందర్భాలు నేను చూసినవాటిలో అరుదు. ఆడపిల్లకు ఇంత ఖర్చెందుకన్న వాదన కూడా మీ ఇంట్లో వినబడుతున్నట్టు రాశారు. ఆ వాదనను పూర్తిగా పక్కన పెట్టండి. అబ్బాయి అయినా నేను ఇదే జవాబు రాసేవాణ్ణి.

నా పిల్లల సంగతికి వస్తే, ఇద్దరికీ దొరికినవీ దొరకనివీ వేరువేరు. చిన్నవాడి క్యాంపస్‌కు కంపెనీలు ఎక్కువగా వచ్చాయి; రాత్రింబవళ్లు కోడింగ్ చేసే తోటివాళ్లను చూసి వాడూ మారాడు; మొదటి ఉద్యోగం ఒక సీనియర్ సిఫారసుతోనే దొరికింది. ఆ విలువను నేను తక్కువ చేయను. కానీ చేరేటప్పుడు చూపిన ఫీజు పట్టికలో లేని ఖర్చులు ప్రతి ఏటా వస్తూనే ఉన్నాయి, ఆ భారం మోయడానికి ఇంట్లో ప్రతి నెలా జీతం వచ్చేది కాబట్టి సరిపోయింది. పెద్దమ్మాయి చదివిన చోట ప్రయోగశాలల్లో పాత పరికరాలు, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు, క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు కొద్ది. అయితే ఆమెకు అప్పు లేదు. అందువల్ల చివరి సంవత్సరంలో ఏదో ఒక ఉద్యోగంలో చేరాలన్న ఒత్తిడి లేకుండా ఎంటెక్ ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్ష రాసి, వేరే రాష్ట్రంలోని ఒక ఐఐటీలో ఎంటెక్ చేసింది. గేట్ స్కోరుతో చేరే ఎంటెక్ విద్యార్థులకు నెలకు 12,400 రూపాయల స్టైపెండు వస్తుంది. నాలుగేళ్ల ముందు లక్షలు పెట్టినా దొరకని పేరు, ఆమెకు స్టైపెండుతో సహా దొరికింది. ఈ రెండో తలుపు గురించి మన ప్రాంతంలో ఇంటర్ కాగానే సీట్ల కోసం పరుగెత్తే తల్లిదండ్రులకు చెప్పేవారే లేరు.

ఈసీఈ సీటు అన్నందుకు దిగులు పడనక్కర లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆ శాఖవారినీ తీసుకుంటాయి. కన్వీనర్ కోటా సీటుకు ఆదాయ పరిమితికి లోబడి ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంటుంది, పొరుగు రాష్ట్రపు ప్రైవేటు సీటుకు అది వర్తించదు.

మీరు ఇంకా ఆ విశ్వవిద్యాలయం వైపే మొగ్గితే, రేణిగుంట రోడ్డులో కనబడే హోర్డింగుల మీది అత్యధిక ప్యాకేజీని నమ్మకండి. ఆ జీతం ఒక్కరికో ఇద్దరికో వచ్చినది. విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్ సైటులో ర్యాంకు పొందిన సంస్థలు సమర్పించిన వివరాల పత్రాలు ఉంటాయి. ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యస్థ జీతం ఎంత అన్నవి అందులో చూడవచ్చు. మధ్యస్థం అంటే ఉద్యోగం వచ్చినవారిలో సగం మంది అంతకంటే తక్కువకే చేరారని. ఈ అంకెలు సంస్థలు స్వయంగా ఇచ్చుకున్నవే, పైగా అన్ని శాఖలనూ కలిపి ఇస్తారు. అయినా హోర్డింగు కంటే ఎన్నో రెట్లు నయం. ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. కొన్ని బ్యాంకుల దగ్గర, తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి రుణమిచ్చే ఎంపిక చేసిన విద్యాసంస్థల జాబితా ఉంటుంది. స్టేట్ బ్యాంకు స్కాలర్ లోన్ అలాంటిదే. మీ విశ్వవిద్యాలయం అందులో ఉందా, ఉంటే ఏ స్థాయిలో ఉందని అడగండి. తమ సొమ్ము తిరిగి వస్తుందా రాదా అని చూసుకునేవారు వేసిన అంచనా అది.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన సంస్థల్లో ప్రతిభ ఆధారంగా సీటు పొందినవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్న అర్హులకు 10 లక్షల వరకు రుణంపై వాయిదాలు లేని కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. యాజమాన్య కోటా సీటుకు ఇది రాదు. ఈ దారిలో మొత్తం ఖర్చు తోట జోలికి పోకుండా పది లక్షల లోపు సర్దుకుంటే, నేను నా అభిప్రాయం మార్చుకుంటాను. ఇరవై రెండు లక్షలైతే మార్చుకోను.

రేపే డబ్బు కట్టాలని వారు ఒత్తిడి చేస్తున్నారన్నారు. సీటు వదులుకునే విద్యార్థులకు ఫీజు తిరిగి ఇవ్వాలని, ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాల తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాలను నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధనలు ఉన్నాయి. ఫీజు వాపసుకు ఏ ఏడాదికి ఆ ఏడాది గడువు ప్రకటిస్తారు. ఆ తేదీ చూసుకుని, అత్యవసరమైతే సీటు నిలుపుకోవడానికి అవసరమైన మొత్తమే కట్టి రసీదు తీసుకోండి. సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తెచ్చుకోండి. ఈఏపీసెట్ కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఎస్వీయూ ఈసీఈని తగిన స్థానంలో ఉంచడం మరచిపోకండి, ఎందుకంటే ఆప్షన్లలో లేని సీటు ర్యాంకు ఉన్నా రాదు.