కయాక్ వెనక బతికిన ఎర

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర కయాక్ మీద వెళ్లి, బతికిన కానాగంత చేపను గాలానికి గుచ్చి వంజరం కోసం లాగుతున్నాను. పది నిమిషాలకే ఎర చచ్చిపోతోంది. లైన్ కూడా మెలికలు పడుతోంది. ఎందుకు?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: రెండు పెదవులూ కలిపి గుచ్చుతున్నారేమో చూసుకోండి. నోరు మూసుకుపోతే మొప్పలకు నీరు అందదు, చేపకు ఊపిరి ఆడదు. ముక్కు రంధ్రాల గుండా అడ్డంగా గానీ, పైదవడకు మాత్రమే గానీ గుచ్చాలి. అదీ సరిగ్గా నడిమధ్యన. కాస్త పక్కకు జరిగినా ఎర బొంగరంలా తిరుగుతుంది, మీ లైన్ మెలికలకు కారణం అదే. స్వివెల్ (లైన్ మధ్య కట్టే, తనలో తాను తిరిగే లోహపు కీలు) పెడితే మెలికలు తగ్గుతాయి గానీ తిరిగే ఎర మాత్రం బతకదు.

వేగం గంటకు 2, 3 కిలోమీటర్లు దాటనివ్వొద్దు. ఎర కయాక్‌కు 25 మీటర్ల వెనక ఉంటే చాలు. నాలుగు తెడ్లు వేసి ఆగండి. ఆగినప్పుడు ఎర తనంతట తాను ఈదుతుంది, వంజరం దాన్ని పట్టేది ఎక్కువగా అప్పుడే.

ఎర చేపలను ఉంచే 20 లీటర్ల గుండ్రటి బకెట్‌లో జానెడువి అయిదారుకు మించొద్దు. నీటిలోకి గాలి పంపే బ్యాటరీ ఎయిరేటర్ ఉన్నా పావుగంటకోసారి సగం నీళ్లు మార్చండి. చేపను తడి చేత్తోనే పట్టండి. పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడొస్తుంది. కానాగంత సుకుమారం. కొత్తవారికి కొయ్యింగ చేపే మేలని మా అభిప్రాయం. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర విసురువలకు దొరుకుతుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది.

ప్రశ్న: తోక సగం తెగిన ఎర తిరిగొస్తోంది, చేప మాత్రం పడటం లేదు.
– పాఠకుడు, కావలి

జవాబు: వంజరం ముందు తోక నరుకుతుంది. కాబట్టి వెనక రెండో గాలం ఉండాలి. ముక్కుకు 2/0 ఒంటి గాలం, దాని నుంచి 10 సెంటీమీటర్ల స్టీలు వైరు, చివర 4వ నంబరు మూడు కొనల గాలం. అందులో ఒక్క కొనను వీపు చర్మానికి పైపైన తగిలించండి. వైరు వదులుగా ఉండాలి, బిగిస్తే ఎర వంగి మళ్లీ తిరుగుడే. లీడర్ (లైన్ చివర గాలానికి ముందు కట్టే ముక్క) కూడా అర మీటరు స్టీలు వైరే. నైలాన్‌ను ఆ పళ్లు కోసేస్తాయి. డ్రాగ్ (చేప లాగితే రీలు లైన్‌ను వదిలే బిగువు) కిలో, కిలోన్నర దగ్గర పెట్టండి. ఎక్కువైతే చిన్న గాలం మాంసం చీల్చుకుని ఊడిపోతుంది.

ప్రశ్న: ఒడ్డు నుంచి ఎంత దూరం పోవచ్చు?
– పాఠకురాలు, మైపాడు

జవాబు: దూరం కన్నా గాలి ముఖ్యమమ్మా. పడమటి గాలి మిమ్మల్ని సముద్రం లోపలికి తోస్తుంది. వెళ్లేటప్పుడు హాయి, వచ్చేటప్పుడు ఎదురీత. బయల్దేరే ముందు ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే గాలి, అలల సూచన చూడండి, లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉంచుకోండి. తెడ్డు ఆపినా కయాక్ లోపలికే పోతుంటే అప్పుడే వెనక్కి తిప్పండి.