గుమ్మం దగ్గర నిలబడి పిలవండి

ప్రశ్న: మేడమ్, మావారు సైనికుడు. రెండేళ్లు యుద్ధంలో ఉండి, ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. ఒంటి మీద చిన్న గాయం కూడా లేదు. కానీ తలుపు గట్టిగా పడితే చాలు, నేలకు వంగిపోతారు. నిద్రలో అరుస్తారు. మొన్న లేపబోతే నా చెయ్యి మెలితిప్పారు, తర్వాత తెల్లవార్లూ ఏడ్చారు. ఏమైందని అడిగితే ‘ఏం లేదు’ అంటారు. ఆయన లేనప్పుడు ఇల్లు, బ్యాంకు పనులు, పిల్లల చదువు అన్నీ నేనే చూసుకున్నాను. ఇప్పుడు కూడా పిల్లలు ప్రతిదీ నన్నే అడుగుతుంటే ఆయన ముఖం చిన్నబోతోంది. ప్రాణాలతో తిరిగొచ్చాడు, ఇంకేం కావాలని అందరూ అంటున్నారు. నాకు మాత్రం ఎప్పుడూ టెన్షనే. తప్పు నాదేనా?

జవాబు: మీ తప్పు కాదమ్మా, ఆయన తప్పూ కాదు. మీ ఉత్తరం చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్న యుద్ధం నుంచి వచ్చాక చాలాకాలం బూట్లు విప్పకుండా, కుర్చీలో కూర్చునే నిద్రపోయేవారు. ఆయన్ని లేపాలంటే ముట్టుకోవద్దని, గుమ్మం దగ్గరే నిలబడి ‘నాన్నా, నేను’ అని మెల్లగా పిలవమని అమ్మ మాకు నేర్పింది. మీరూ ఈ రాత్రి నుంచే అలా చేయండి. చప్పుడు వినగానే వంగిపోయే అలవాటు అక్కడ ఆయన్ని బతికించింది. అదే ఇక్కడ నిద్రపోనివ్వడం లేదు.

దీన్ని పిరికితనం అనుకుని ఎంత అన్యాయం చేశారో! ‘షెల్ షాక్’ (ఫిరంగి గుండ్ల మధ్య గడిపిన సైనికుడి మనసు దెబ్బతినడం) అన్న మాట 1915లోనే బ్రిటన్ వైద్య పత్రికకెక్కింది. అయినా మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయారనీ, పిరికివాళ్లనీ ముద్రవేసి 306 మందిని బ్రిటిష్ సైన్యమే కాల్చి చంపింది. వాళ్లలో షెల్ షాక్‌కి చికిత్స తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2006లో గానీ వాళ్లకి క్షమాభిక్ష దక్కలేదు. వియత్నాం నుంచి వచ్చిన సైనికులు పట్టుబట్టాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల జాబితాలో ఇది పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసుని వదలని గాయం) పేరుతో చేరింది. మగవాడు ఏడవకూడదన్న మాట ఇప్పటికీ చాలామంది నోరు నొక్కేస్తోంది. మీవారి ‘ఏం లేదు’ వెనక కూడా అదే ఉండొచ్చు.

యుద్ధాల్లో నలిగిన ఆడవాళ్ల సంగతి పట్టించుకోవడానికి ఇంకా ఆలస్యమైంది. అత్యాచారం కూడా జాతిహననం కిందికి రావచ్చని అంతర్జాతీయ కోర్టు మొదటిసారి తేల్చింది 1998లో, ఆఫ్రికా దేశం రువాండాలో జరిగిన మారణకాండ కేసులో. ఇక మీలా వెనక ఉండి ఇల్లు మోసినవాళ్ల అలసటని గాయమని ఎవరూ అనరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆయన్ని సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. యుద్ధంలో ఏం జరిగిందో మీరు తవ్వి అడగొద్దు, దానికి శిక్షణ ఉన్నవాళ్లు ఉంటారు. మాటలతో చేసే చికిత్స చాలామందికి పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఇస్తారు. నిద్ర కోసమని తాగుడు మొదలైందేమో గమనించండి. చచ్చిపోతానన్న మాట వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. మెలకువలో చెయ్యి చేసుకుంటే మాత్రం సర్దుకుపోవద్దు, పిల్లలతో సహా బయటికి వచ్చేయండి.

ఆయన నొచ్చుకుంటారని, ఈ రెండేళ్లలో నేర్చుకున్నదంతా వదిలేయకండి. ఒక్క పని పూర్తిగా ఆయనకి అప్పగించండి. మా అమ్మ నాన్నకి మా లెక్కల హోంవర్క్ అప్పజెప్పింది. మొదట్లో పెన్సిల్ పట్టుకున్న చెయ్యి వణికేది. మేం పుస్తకంలోకే చూసేవాళ్లం.

డాక్టర్‌తో మీరు కూడా విడిగా ఒకసారి మాట్లాడండి. ఆయన గురించి కాదు, మీ నిద్ర గురించి.