గొంతు మీద గీత

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. గోదావరి పాయ వైనతేయ గట్టు పక్క కొబ్బరి తోటలో బెస్రాను చూశానని మొదటి వాక్యంలోనే చాటించేశావు. నాకు అక్కడే అనుమానం మొదలైంది. బెస్రా దట్టమైన అడవుల్లో తిరిగే డేగ, తూర్పు కనుమల వైపు వెతుక్కోవాలి. మన తోటల్లో, ఊరి చెట్ల మీద ఉండేది షిక్రా. బెస్రా ఇటు రానే రాదని నేననను. వచ్చిందని రాయాలంటే మాత్రం గొంతు చూడాలి. బెస్రాకి గొంతు మధ్య నల్లటి గీత లావుగా ఉంటుంది. ఎదిగిన షిక్రాకి అది సన్నగా, కనీ కనిపించనట్టు ఉంటుంది. చిక్కంతా పిల్ల షిక్రాతోనే: రొమ్ము మీద గోధుమరంగు చారలుంటాయి, గొంతు గీత కూడా బాగానే కనిపిస్తుంది. నీ వ్యాసంలో ఆకాశం రంగు ఉంది, నీ గుండె దడ ఉంది, డేగ గొంతు లేదు.

అందుకని పేరును కిందికి జరుపు. ముందు కంటికి కనబడింది రాయి: ఎక్కడ వాలింది, తోక మీద పట్టీలు ఎలా ఉన్నాయి, పట్టుకున్నది తొండనా, ఉడుతనా. చివరికి "బెస్రా కావచ్చు" అన్నా పరువేం పోదు.

నాకు నిజంగా నచ్చిన వాక్యాన్ని నువ్వు పట్టించుకోకుండా దాటేశావు. డేగ కనిపించకముందే గోరింకలు గోల పెట్టాయన్నావు. అసలు సంగతి అదీ! తోటలో డేగ ఉందని ముందు చెప్పేది గోరింకలూ కాకులూ ఉడుతలే. పసులపోలిగాడనే నల్లపిట్టయితే తనకంటే పెద్ద డేగనైనా వెంటపడి తరుముతుంది. అదే పిట్ట ఒక్కోసారి షిక్రాలా అరిచి గోరింకలను బెదరగొట్టి, అవి వదిలేసిన తిండి ఎత్తుకుపోతుంది. కాబట్టి అరుపు వినగానే డేగ అని రాసెయ్యకు. ఇలాంటి దొంగ మన గట్టు మీదే ఉండగా అరుదైన పక్షి కోసం అంత బెంగెందుకు?

కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లన్న పేరా తీసెయ్. ఆ మడ అడవిలో చెక్కబాట మీద నుంచి నువ్వు చూసిన లకుముకిపిట్టను ఉంచు. పీతను కొమ్మకేసి బాదడం బాగా రాశావు.

గూడున్న చెట్టు ఏ ఊరిదో, ఎవరి తోటదో మాత్రం రాయకు. కెమెరాలతో జనం మూగితే తల్లి గుడ్ల మీద కుదురుగా కూర్చోదు. జిల్లా పేరు చాలు.

ఫొటో ఉందన్నావుగా, గొంతు దగ్గర పెద్దది చేసి పంపు. వెనక నుంచి తీసిందే ఉంటే, తోక కనబడేదైనా సరే.

ఆశీస్సులతో.