మెమరీలో తప్పులు దిద్దే సర్క్యూట్ ప్రాజెక్టు ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట, బట్టల కొట్టు. మా అబ్బాయి టెక్కలిలో ఈసీఈ మూడో సంవత్సరం. మెమరీలో బిట్లు తప్పితే సరిచేసే సర్క్యూట్‌నే మెయిన్ ప్రాజెక్టుగా చేస్తానంటున్నాడు. చుట్టాలేమో జావా నేర్పించి సాఫ్ట్‌వేర్‌లో పెట్టేయమంటున్నారు. విశాఖలో ఒక సెంటర్ వాళ్లు పాతికవేలిస్తే ప్రాజెక్టు తయారుచేసి చేతికిస్తామన్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చేయనివ్వండి. పాతికవేలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఈ ప్రాజెక్టు ఉద్యోగం తెచ్చిపెట్టగలదు, కానీ బాబు స్వయంగా రాస్తేనే. కొన్న ప్రాజెక్టు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకో మూడో ప్రశ్నకో బయటపడిపోతుంది.

ముందు విషయం ఏమిటో మీకు చెప్తాను. కంప్యూటర్‌లోని మామూలు మెమరీ (డీర్యామ్) చిప్‌లో ఒక్కో బిట్, అంటే 0 లేదా 1, అతి చిన్న కెపాసిటర్‌లో దాచిన కాస్త ఛార్జి. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల పుట్టిన న్యూట్రాన్ తగిలినా, చిప్ ప్యాకేజీలోని పదార్థం నుంచే ఆల్ఫా కణం వెలువడినా ఆ ఛార్జి చెదిరి 1 కాస్తా 0 అయిపోవచ్చు. చిప్ పాడవదు, లోపలి విలువ మారిపోతుంది. బ్యాంకు సర్వర్‌లో, కారు బ్రేకుల కంట్రోలర్‌లో, ఉపగ్రహంలో దీన్ని చూసీచూడనట్టు వదిలేయలేం. మీ ఖాతా పుస్తకంలో ఒక అడ్డు వరస కూడిక, ఒక నిలువు వరస కూడిక తప్పితే ఆ రెండూ కలిసే గడిలోనే అంకె తప్పిందని తెలిసిపోతుంది కదా. 1950లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన రిచర్డ్ హామింగ్ ప్రచురించిన పద్ధతి కూడా ఆ దారిలోదే. డేటాతోపాటు కొన్ని చెక్ బిట్లు దాస్తారు. చదివేటప్పుడు వాటిని మళ్లీ లెక్కకట్టి, వచ్చిన తేడాని బట్టి తప్పిన బిట్‌ని పట్టుకుని తిప్పేస్తారు. ఇదంతా సర్క్యూట్‌లోని లాజిక్ గేట్లే చేసేస్తాయి, సాఫ్ట్‌వేర్‌కి సంగతే తెలియదు.

ఇక్కడి నుంచి బాబుకి చదివించండి.

కాలేజీల్లో ఎక్కువమంది 4 డేటా బిట్లకి 3 చెక్ బిట్లు పెట్టే చిన్న హామింగ్ కోడ్ చేసి రిపోర్టు కట్టేస్తారు. నువ్వు అక్కడ ఆగిపోతే లాభం లేదు. చెయ్యి తిరగడానికి 8 డేటా బిట్లతో మొదలుపెట్టు. 1, 2, 4, 8 స్థానాల్లో చెక్ బిట్లు. 3, 5, 6, 7, 9, 10, 11, 12 స్థానాల్లో డేటా. 6వ స్థానంలో బిట్ తిరిగిందనుకో, 2, 4 చెక్‌లు తప్పుతాయి, కూడితే 6. అదే సిండ్రోమ్. ఇప్పుడు 6తోపాటు 3వ స్థానం కూడా తిప్పి చూడు. బైనరీలో 6 అంటే 110, 3 అంటే 011. వాటిని ఎక్స్‌ఓఆర్ చేస్తే (బిట్లు వేరైతే 1, ఒకటైతే 0) 101, అంటే 5. సర్క్యూట్ శుభ్రంగా ఉన్న 5వ బిట్‌ని తిప్పేసి రెండు తప్పుల్ని మూడు చేస్తుంది! అందుకే మొత్తం మీద 1ల సంఖ్య సరి అయ్యేలా చూసే ఇంకో పారిటీ బిట్ 13వదిగా పెడతారు. సిండ్రోమ్ సున్నా కాకుండా మొత్తం పారిటీ మాత్రం సరిపోయిందంటే అది రెండు తప్పుల కేసు, దిద్దకూడదు, జెండా ఎత్తాలి. కాగితం మీద ఇది నీ చేత్తో వేసుకునేదాకా వెరిలాగ్ (సర్క్యూట్లని రాసే భాష) ముట్టుకోకు.

తర్వాత అసలు పని 64 బిట్లకి. 7 చెక్ బిట్లకి 128 సిండ్రోములు వస్తాయి, కావాల్సింది ఒక్కో బిట్‌కి ఒకటి, తప్పు లేదనడానికి ఒకటి, 64 + 7 + 1 = 72, కాబట్టి ఒక తప్పు దిద్దడానికి 7 చాలు. రెండు తప్పుల్ని గుర్తించడానికి ఎనిమిదోది. మొత్తం 72. దీనికి 1970లో ఐబీఎం నుంచి వచ్చిన షియావ్ కోడ్ వాడు. ఏ చెక్ బిట్ ఏ బిట్లని చూస్తుందో చెప్పే పట్టికలో చెక్ బిట్‌కి ఒక వరస, ప్రతి బిట్‌కీ ఒక కాలమ్. ప్రతి కాలమ్‌లోనూ బేసి సంఖ్యలో 1లు ఉండటం దాని కిటుకు. మూడేసి 1లున్న కాలమ్‌లు 56, ఐదేసి ఉన్నవి 8, చెక్ బిట్లకి ఒక్కొక్కటి ఉన్నవి 8. అన్నీ కలిపి 216 ఒకట్లు, సమంగా పంచుకుంటే వరసకి 27. ఒక్కో వరసకి రెండు ఇన్‌పుట్ల ఎక్స్‌ఓఆర్ గేట్లు 26 పడతాయి. గొలుసులా కడితే 26 అంచెలు, చెట్టులా కడితే 5. ఒక తప్పుకి సిండ్రోమ్‌లో 1లు బేసి, రెండిటికి సరి, కాబట్టి విడిగా పెద్ద పారిటీ చెట్టు అక్కర్లేదు.

సామాన్ల ఖర్చు లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లో సిమ్యులేషన్‌కి ఐకారస్ వెరిలాగ్, వేవ్‌ఫారాలకి జీటీకే వేవ్, గేట్లు లెక్కపెట్టడానికి యోసిస్, అన్నీ ఉచితమే. లాబ్‌లో ఆర్టిక్స్-7 ఎఫ్‌పీజీఏ బోర్డుంటే (మన సర్క్యూట్‌ని చిప్‌లోకి ఎక్కించి నడిపి చూసేది) దాని 36 కిలోబిట్ బ్లాక్ ర్యామ్‌లో 64 బిట్ల ఈసీసీ (తప్పులు దిద్దే సర్క్యూట్) ముందే ఉంటుంది. నీ సర్క్యూట్‌ని దాని పక్కన పెట్టి పోల్చు.

అసలు విలువ టెస్ట్‌బెంచ్‌లో, అంటే సర్క్యూట్‌ని పరీక్షించే కోడ్‌లో ఉంది. చాలామంది చెక్ బిట్లు కట్టే తమ ఎన్‌కోడర్‌తోనే జవాబు సరిచూసుకుంటారు, దాంతో పట్టికలో పొరపాటుంటే రెండువైపులా ఒకేలా తప్పి పాసైపోతుంది. సరైన జవాబు చెప్పే రిఫరెన్స్ మోడల్ పైథాన్‌లో విడిగా, పట్టిక కాపీ కొట్టకుండా రాయి. ఒక తప్పు కేసులు 72, రెండు తప్పుల జతలు 2556. ఇవి నమూనాకి కాదు, ప్రతి ఒక్కటీ, రకరకాల డేటాతో నడపాలి. చెక్ బిట్‌లోనే తప్పొస్తే డేటా కదలకూడదు, దిద్దినట్టు గుర్తు మాత్రం రావాలి. ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మెమరీకి కలిపాక ఇంకో మూడు చిక్కులు. కరెంటు వచ్చిన వెంటనే మెమరీలో డేటాకీ చెక్ బిట్లకీ పొంతన ఉండదు, సిమ్యులేషన్‌లో ఎక్స్‌లు (విలువ తెలియదనే గుర్తు) కనిపిస్తాయి. ముందు అన్ని అడ్రసుల్లోనూ ఏదో ఒక విలువ రాయాలి. 64 బిట్లలో ఒక్క బైటే (8 బిట్లు) రాయమంటే మిగతా 7 బైట్లు చదివి, దిద్ది, కలిపి, చెక్ బిట్లు కొత్తగా కట్టి రాయాలి. ఇది మర్చిపోతే తర్వాత చదివినప్పుడు లేని తప్పులు పుట్టుకొస్తాయి. దిద్దిన విలువని బయటికి పంపి ఊరుకుంటే తప్పు లోపలే ఉండిపోతుంది, దానికి ఇంకోటి తోడైతే దిద్దలేం. అందుకే ఖాళీ సైకిళ్లలో మెమరీ అంతా చదివి తిరిగి రాసే స్క్రబ్బర్ పెట్టాలి. స్క్రబ్బర్ వరకూ చేసినవాడిని ఏ ప్యానెలూ తేలిగ్గా తీసుకోదు.

అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి. మూడు బిట్లు తప్పితే? సిండ్రోమ్‌లో 1లు బేసి అవుతాయి, ఏదో కాలమ్‌తో సరిపోతే మంచి బిట్‌ని తిప్పేస్తుంది. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) చిప్ లోపలే ఈసీసీ ఉంటే సర్వర్‌కి వేరే ఎందుకు? లోపలిది 128 బిట్లకి 8 చెక్ బిట్లతో చిప్ వరకే కాస్తుంది, చిప్‌కీ కంట్రోలర్‌కీ మధ్య తీగల మీద తప్పు దానికి కనబడదు.

మళ్లీ మీకు. ఇలా చేస్తే డిజైన్ వెరిఫికేషన్ (చిప్ డిజైన్‌ని పరీక్షించడం), ఆర్‌టీఎల్ డిజైన్ (చిప్ లాజిక్‌ని వెరిలాగ్‌లో రాయడం) ఉద్యోగాలకి సిద్ధమైనట్టే, పైన సిస్టమ్ వెరిలాగ్ నేర్వాలి. ఈ కొలువులు సిక్కోలులోనూ విజయనగరంలోనూ దొరకవు, హైదరాబాదో బెంగళూరో వెళ్లాల్సిందే. మైక్రాన్, ఏఎండీ, క్వాల్‌కామ్‌లకి హైదరాబాద్‌లో డిజైన్ కేంద్రాలున్నాయి. అయితే సాఫ్ట్‌వేర్‌లోలా ఫ్రెషర్లని గంపగుత్తగా తీసుకోరు, బీటెక్‌తోనే తలుపు తెరుచుకోకపోవచ్చు. కాబట్టి ఫిబ్రవరిలో జరిగే గేట్‌కి (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) ఈసీ పేపర్ ఇప్పటి నుంచే చదవమనండి. మంచి ర్యాంకుతో వీఎల్‌ఎస్ఐ (చిప్ డిజైన్) ఎంటెక్ దొరికితే గేట్ స్టైపెండ్ నెలకి 12,400 రూపాయలు వస్తుంది, కొట్టు మీద భారం తగ్గుతుంది.

చుట్టాల మాటనీ తోసెయ్యక్కర్లేదు. రిఫరెన్స్ మోడల్ కోసం నేర్చిన పైథాన్ నాలుగో సంవత్సరం సాఫ్ట్‌వేర్ డ్రైవ్‌లకీ పనికొస్తుంది. వాటికీ కూర్చోమనండి. ఆఫర్ వస్తే సంతకం పెట్టేముందు బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో వదిలితే ఎంత కట్టాలో మీరు కూడా చదవండి.