ఒపెరా నేర్చుకుంటే మా అమ్మాయి గొంతు పాడవుతుందా?

అమ్మాయికి 18 ఏళ్లు, గొంతు బాగా పైకి పలుకుతుంది, సొప్రానోగా (అంటే స్త్రీల గొంతుల్లో అన్నిటికంటే పైస్థాయిది) ఒపెరా, అంటే పాటలతో నడిచే పాశ్చాత్య సంగీత నాటకం, నేర్చుకుంటానంటోంది, అంత పైస్థాయిలో పాడితే నాలుగేళ్లలో గొంతు పోతుందని చుట్టాలు భయపెడుతున్నారు అని రాశారు. నేను ఒపెరా గాయనిని కాను. కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ ఒకసారి గొంతు పోగొట్టుకున్నదాన్ని. అందుకే మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

నాది ఐదు శ్రుతి, అంటే నా గొంతుకు హాయిగా ఉండే ఆధార స్వరం అది; ఆరు దానికంటే పైది. ఇరవై రెండేళ్లప్పుడు ఒక పోటీ కోసం నాచేత ఆరు శ్రుతిలో రోజూ నాలుగు గంటలు పాడించారు. గొంతు బొంగురుపోతోందంటే, సాధన చేస్తే అదే విచ్చుకుంటుందన్నారు. రెండు నెలలకు స్వరతంత్రుల మీద నాడ్యూల్స్, అంటే చిన్న చిన్న గడ్డలు, వచ్చాయని డాక్టర్ చెప్పారు. ఆరు వారాలు పాట కాదు, మాట కూడా లేదు. అమ్మకు ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపించేదాన్ని. ఆ రోజుల్లోనే అమెరికన్ ఒపెరా గాయని లియొంటీన్ ప్రైస్ పాట మొదటిసారి విన్నాను.

ఆమె 1927లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, లారెల్ అనే ఊళ్లో పుట్టారు. నాన్న కలప మిల్లు కూలీ, అమ్మ మంత్రసాని. నల్లజాతి పిల్లలకు బడి కూడా వేరుగా ఉన్న కాలం. టీచర్ అవుదామని ఒహాయోలో చదివి, తర్వాత న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చేరారు. అక్కడి గురువు ఫ్లోరెన్స్ పేజ్ కింబాల్ ఆమెకు చెప్పిన మాట ఒకటుంది: వడ్డీతోనే పాడాలి, అసలు సొమ్ము ముట్టుకోకూడదు అని, అంటే గొంతులో ఉన్న బలమంతా ఖర్చు పెట్టేయకూడదని. నోరు కట్టేసుకుని కూర్చున్న నాకు అది చదివి ఏడుపొచ్చింది. నేను రెండు నెలల్లో అసలంతా తినేశాను.

1958లో న్యూయార్క్‌లోని పెద్ద ఒపెరా సంస్థ మెట్రోపాలిటన్ ఒపెరా ('మెట్') వాళ్లు 'ఐడా' అనే ఒపెరాలో నాయిక ఐడా పాత్రకు పిలిస్తే ఆమె వెళ్లలేదు. ఐడా బానిస పాత్ర, మొదటిసారి ఆ వేదిక ఎక్కేది ఆ వేషంలో కాకూడదని ఆమె మేలు కోరిన సంగీత దర్శకుడొకరు సలహా ఇచ్చారు. అంత పెద్ద అవకాశం వదులుకోవాలంటే ఎంత నిబ్బరం ఉండాలి! 1961 జనవరి 27న 'ఇల్ ట్రొవటోరె' అనే ఒపెరాలో నాయికగా ఆ వేదిక మీద అడుగుపెట్టారు. అప్పటికి 33 ఏళ్లు. చివర్లో చప్పట్లు నలభై నిమిషాలు ఆగలేదంటారు.

అలాంటి ఆమెకు కూడా అదే ఏడాది మరో ఒపెరా పాడుతుండగా వేదిక మీదే గొంతు పోయింది. రెండో అంకం చివరి భాగాన్ని పాడలేక మాటల్లో చెప్పి ముగించారు. కొన్ని వారాలు విశ్రాంతి తీసుకుని మళ్లీ వచ్చారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఒపెరాలు తగ్గించుకుని సోలో కచేరీలు పెంచుకున్నారు. 1985 జనవరి 3న ఐడాగానే మెట్‌కు వీడ్కోలు చెప్పారు, 57 ఏళ్ల వయసులో. ఆ వీడ్కోలు ప్రదర్శన వీడియోలో మూడో అంకంలోని 'ఓ పాత్రియా మియా' పాట మీ అమ్మాయితో కలిసి వినండి. అందులో పలికే పై స్వరం, ఐదు శ్రుతిలో పాడేవాళ్లు పై స్థాయిలో పాడే పంచమం (ప స్వరం) కంటే దాదాపు ఒక స్థాయి పైన ఉంటుంది. అదీ సుమారు 3,800 మంది పట్టే హాలులో, మైకు లేకుండా. పాట అయ్యాక జనం చప్పట్లు ఆపరు, ఆమె పాత్రలోనే కదలకుండా నిలబడి ఉంటారు, కళ్లు మాత్రం చెమరుస్తాయి.

కాబట్టి పైస్థాయి గొంతును పాడు చేస్తుందనే మాట నేను నమ్మను. గొంతు సిద్ధం కాకముందే తోసి పాడించడం వల్లే పాడవుతుంది. బరువైన పాత్రలకు గొంతు పండటానికి సాధారణంగా ముప్పై దాకా పడుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఐడా నేర్పుతామనే టీచర్ దొరికితే దయచేసి దూరంగా ఉండండి.

ముందు ఒక్క సంగతి కనుక్కోండి. ఇప్పుడు క్లాసు అయ్యాక మీ అమ్మాయి గొంతు ఎలా ఉంటోంది? మర్నాడు పొద్దున కూడా బొంగురుగా ఉంటే పాట ఆపించి, స్వరపేటిక చూసే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. నన్ను ఆ సంగతి ఎవరూ అడగలేదు.